క్లస్టర్ తలపోటు: పావుగంట మందు వేరు, నెలల మందు వేరు

రాత్రి 1:40కి మెలకువ వస్తుంది. ఎవరూ లేపలేదు, పీడకలా కాదు. కుడి కన్ను వెనక ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టు ఓ చిన్న బరువు. అయిదు నిమిషాలు గడిచేసరికి ఆ వేలు కాస్తా కాల్చిన చువ్వ అవుతుంది. నీళ్లు కారేది కుడికంట్లోంచే, దిబ్బడ వేసేది కుడి ముక్కే, సగానికి వాలిపోయేది కుడి రెప్పే. ఎడమ పక్కకి ఏమీ పట్టనట్టే ఉంటుంది. పడుకోవడం నావల్ల కాదు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతాను, కుర్చీ అంచున కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతాను, అరచేత్తో కణత మీద కొట్టుకుంటాను. రెండున్నర కావస్తుండగా స్విచ్ కట్టేసినట్టు పోతుంది. మర్నాడు రాత్రి మళ్లీ 1:40.

పదకొండేళ్లుగా, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, ఆరేడు వారాల పాటు నా రాత్రులు ఇలాగే గడుస్తున్నాయి. ఇదే జబ్బున్నవాళ్లు ఎవరు తారసపడినా అడిగేది ఒకటే: "ఇన్ని మందులున్నాయి కదా, వీటిలో ఏది మంచిది?" ఆక్సిజనా, ఇంజెక్షనా, వెరాపమిలా, స్టెరాయిడా అని. మొదట్లో నేనూ అలాగే అడిగేవాడిని. ఆ నాలుగూ ఒక పనికి పోటీ పడేవి కావని అర్థం కావడానికి నాకు రెండు విడతలు పట్టింది. ఒకటి పావుగంటలో పని తేల్చాలి. ఒకటి రెండు మూడు వారాలు అడ్డుకట్టగా నిలబడాలి. ఇంకొకటి విడత ముగిసేదాకా కాపలా కాయాలి. కాబట్టి ఆక్సిజన్‌ని ఇంజెక్షన్‌తో పోల్చండి, కాపలా మందుల్లో వెరాపమిల్‌ని లిథియంతో పోల్చండి. ఆక్సిజన్‌ని వెరాపమిల్‌తో పోల్చడమంటే గొడుగునీ ఇంటి కప్పునీ పక్కపక్కన పెట్టి ఏది కొనాలని అడగడమే. రెండూ కావాలి.

ఇక్కడ రెండు మాటలు వాడతాను. ఒక్కసారి వచ్చి పోయే నొప్పి "పోటు". అలాంటి పోట్లు రోజూ వచ్చే కొన్ని వారాలో నెలలో కలిపి ఒక "విడత".

ముందు ఇది అదేనా?

ఈ తేడా తేలకుండా మందులు పోల్చుకుని లాభం లేదు. మందు ఇవ్వకపోతే క్లస్టర్ పోటు 15 నిమిషాల నుంచి 180 నిమిషాల వరకు ఉంటుంది. రెండు రోజులకి ఒకటి మొదలుకొని రోజుకి 8 దాకా రావచ్చు. నొప్పి ఒక పక్కే, కంటి చుట్టూనో కణతలోనో ఉంటుంది. దానికి తోడు అదే పక్క కన్నీరు, కంటి ఎరుపు, ముక్కు కారడం, రెప్ప వాలడం. వెయ్యి మందిలో సుమారు ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. ఎక్కువగా మగవాళ్లకి, 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఆడవాళ్లకి రాదనుకోవడం మాత్రం పొరపాటు. వాళ్లకి మైగ్రేన్ అని రాసిచ్చి పంపేయడం ఎక్కువ, అంతే.

మైగ్రేన్‌కీ దీనికీ తేడా పట్టుకోవడానికి ఇంట్లో వాళ్లని అడిగితే చాలు. మైగ్రేన్ మనిషి లైటు తీసేసి, తలుపు వేసుకుని, కదలకుండా పడుకుంటాడు. ఆ నొప్పి 4 గంటల నుంచి 72 గంటలు ఉంటుంది. క్లస్టర్ మనిషి ఒక్కచోట ఉండలేడు. నా నొప్పి ఎలా ఉంటుందో డాక్టరుకి నేను అరగంట చెప్పినా పని కాలేదు. మా ఆవిడ "రాత్రిపూట బోనులో పులిలా తిరుగుతారండీ" అన్న ఒక్క మాటతో ఆయన కలం ఆపి తలెత్తాడు. వీలైతే ఒక పోటుని ఫోన్లో వీడియో తీయించండి. అందులో వాలిన రెప్ప, కారే కన్ను కనిపిస్తే మాటలతో పని లేదు.

ముఖానికి వెళ్లే నరం నొప్పి, ట్రైజెమినల్ న్యూరాల్జియా అయితే నొప్పి సెకన్ల లెక్కన, కరెంటు షాకులా కొట్టి పోతుంది. సైనస్ అయితే గడియారం చూసుకుని రాదు. పంటి నొప్పి అనుకునే ప్రమాదం చాలా ఎక్కువ. పోటు కొందరికి పై దవడలోకి దిగుతుంది. నాకూ దిగింది. మొదటి విడతలో ఏ దోషమూ లేని దవడపన్ను ఒకటి పీకించుకున్నాను. పన్ను పోయిన రాత్రి కూడా 1:40కి లేచి కూర్చున్నాను.

పోలికలో తప్పక చూడాల్సింది ఇంకొకటి ఉంది, పారాక్సిస్మల్ హెమిక్రేనియా. చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ పోట్లు 2 నుంచి 30 నిమిషాలే, రోజుకి అయిదు కంటే ఎక్కువ. దానికి ఇండోమెథాసిన్ అనే మాత్ర వేస్తే పూర్తిగా తగ్గుతుంది. క్లస్టర్‌కి ఆ మాత్ర సాధారణంగా పనిచేయదు. మీ పోట్లు చిన్నవిగా, మరీ ఎక్కువగా ఉంటే డాక్టరు దగ్గర ఈ పేరు ఎత్తండి. మొదటిసారి నిర్ధారణ అయినప్పుడు ఒకసారి ఎమ్మారై తీయించడం కూడా అవసరం. పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డలాంటివి ఇదే వేషంలో రావచ్చు.

ఇవేవీ కాకుండా, నొప్పి జీవితంలో మొదటిసారి పిడుగు పడ్డట్టు వచ్చినా, జ్వరమో మెడ పట్టేయడమో తోడైనా, కాలూ చేయీ బలహీనపడినా, మాట తడబడినా, ఇది చదవడం ఆపి ఆస్పత్రికి వెళ్లండి.

పావుగంట పని: ఆక్సిజనా, ఇంజెక్షనా?

పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రల గురించి ముందే చెప్పేస్తాను. అవి కడుపులో కరిగి రక్తంలోకి చేరేసరికి పోటు దాని మానాన అది పోతుంది. మనం మాత్ర పనిచేసిందనుకుంటాం. మత్తుమందు కోవకి చెందిన ట్రమడాల్ లాంటివి ఇంకా దండగ. పైగా అలవాటయ్యే ప్రమాదం ఒకటి. మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లు కూడా మాత్ర రూపంలో ఇక్కడ ఆలస్యమే. పావుగంట గడియారం మీద నిజంగా నిలబడేవి రెండే.

ఒకటి ఆక్సిజన్. 2009లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే 78 శాతం మందికి నొప్పి పోవడమో తగినంత తగ్గడమో జరిగింది. మామూలు గాలి పీల్చినవాళ్లలో అది 20 శాతం. రెండోది సుమాట్రిప్టాన్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, చర్మం కింద వేసుకునేది. 1991లో వచ్చిన పరీక్షలో 15 నిమిషాల్లో 74 శాతం పోట్లు తగ్గాయి, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 26 శాతం. ఇవి రెండు వేరు వేరు పరీక్షలు, కొలిచిన పద్ధతులూ వేరు. కాబట్టి 78 పెద్దదా 74 పెద్దదా అని లెక్కలేసుకోకండి. రెండూ బాగా పనిచేస్తాయి. ఎంపిక తేలేది మిగతా విషయాల్లో.

ఇంజెక్షన్‌కి ఉన్న సుగుణం జేబులో పట్టడం. బయటున్నా, బస్సులో ఉన్నా, బాత్రూములోకి వెళ్లి తొడలో వేసుకోవచ్చు. చాలామందికి పది నిమిషాల్లోపే తేలికపడుతుంది. కానీ దానికి పరిమితి ఉంది. 24 గంటల్లో రెండే, రెండింటి మధ్య కనీసం గంట తేడా. రోజుకి నాలుగు పోట్లు వచ్చేవాడికి మిగతా రెండు పోట్ల సంగతేమిటి? ఇక గుండె రక్తనాళాల జబ్బు, పక్షవాతం వచ్చి ఉన్నా, బీపీ అదుపులో లేకపోయినా ఈ ఇంజెక్షన్ అసలు పనికిరాదు, అది రక్తనాళాలను బిగిస్తుంది. మైగ్రేన్‌కి ఇచ్చే పాత రకం ఎర్గోటమిన్ మందులు వాడిన 24 గంటల్లోపు వేసుకోకూడదు. వేసుకున్న కాసేపు ఛాతీ, మెడ పట్టేసినట్టు అనిపించడం మామూలే గానీ, మొదటిసారి డాక్టరుకి తెలియకుండా ఇంట్లో ప్రయోగం చేయకండి. 3 మిల్లీగ్రాములతోనే తగ్గిపోయేవాళ్లూ ఉన్నారు. మీకు అలా సరిపోతుందేమో అడిగి చూడండి.

ఆక్సిజన్‌కి ఈ లెక్కలేవీ లేవు. రోజుకి ఎన్నిసార్లయినా వాడొచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ డాక్టర్లు ముందు చూసేది దీన్నే. దాదాపు దుష్ఫలితాలు లేని మందు తలనొప్పి లోకంలో ఇంకోటి నాకు తెలియదు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా వాడకూడదు. ఇబ్బందల్లా సిలిండరే. బరువు, రీఫిల్లు, ఇంట్లో స్థలం. కొందరికి పోటు ఆగకుండా కేవలం వాయిదా పడుతుంది, మాస్కు తీసిన గంటకి తిరిగొస్తుంది.

ఇక "ఆక్సిజన్ ట్రై చేశానండీ, పనిచేయలేదు" అనేవాళ్లని నేను ఒకటే అడుగుతాను, దేంతో పీల్చారని. ఒకసారి ఓ ఆస్పత్రి అత్యవసర విభాగంలో నాకు ముక్కులో సన్న గొట్టాలు పెట్టి నిమిషానికి 2 లీటర్లు వదిలారు. ముప్పావుగంట తర్వాత నొప్పి దానంతట అది పోయింది. కేస్ షీట్‌లో "ఆక్సిజన్‌కి స్పందించలేదు" అని రాశారు. ఆ ఒక్క వాక్యం వల్ల తర్వాతి విడతలో నాకు సిలిండరు రాయించుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది. కావాల్సింది ముక్కు గొట్టం కాదు, కింద సంచి వేలాడే నాన్-రీబ్రీదర్ మాస్కు. నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు ఇవ్వగల రెగ్యులేటరు. ముందు సంచి నిండనివ్వాలి. మాస్కు ముఖానికి గాలి చొరబడకుండా అదుముకుని, కూర్చుని కొంచెం ముందుకు వంగి, నిదానంగా లోతుగా పీల్చాలి. పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోతుంటే ఫ్లో చాలడం లేదని అర్థం. నొప్పి పోయాక నేను ఇంకో అయిదు నిమిషాలు మాస్కు తీయను.

సిలిండరు బదులు గాల్లోంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సన్‌ట్రేటర్ మెషిన్ కొందామనే ఆలోచన చాలామందికి వస్తుంది, రీఫిల్ గొడవ ఉండదని. ఇంట్లో వాడే మెషిన్లు ఎక్కువగా నిమిషానికి 5 లీటర్లు, కొన్ని 10 లీటర్లు ఇస్తాయి. మనకి కావాల్సిన ఉధృతి వాటికి రాదు. కొనేముందు ఆ ఒక్క అంకె చూసుకోండి. సిలిండరు సైజుకి లెక్క సులువు. 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలంటే ఒక పోటుకి 180 లీటర్లు. 1,500 లీటర్ల వాయువు పట్టే సిలిండరు ఎనిమిది పోట్లకి వస్తుంది. రోజుకి మూడు పోట్లయితే మూడో రోజుకే ఖాళీ. అందుకే ఇంట్లో పెద్దది ఒకటి, బయటికి చిన్నది ఒకటి ఉండాలంటారు. ఇంకో మాట, సిలిండరున్న గదిలో సిగరెట్టు, దీపం, స్టవ్ ఏవీ ఉండకూడదు. క్లస్టర్ వాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది మామూలు హెచ్చరిక అనుకుని దాటేయకండి.

నా పద్ధతి చెబుతాను. ఇంట్లో ఉంటే ఆక్సిజన్. ఇంజెక్షన్ బయటికి, లేదా ఆక్సిజన్‌తో పావుగంటలో లొంగని పోటుకి. ఒకటే ఎంచుకోవాల్సి వస్తే, గుండె బాగుండి రోజుకి ఒకటి రెండే వచ్చేవాళ్లు, ఇల్లు పట్టున ఉండనివాళ్లు ఇంజెక్షన్ వైపు మొగ్గొచ్చు. అంతకంటే ఎక్కువ వచ్చేవాళ్లకి ఆక్సిజన్ తప్పదు.

సూదంటే భయపడేవాళ్లకి జోల్మిట్రిప్టాన్ 5 మిల్లీగ్రాములు, సుమాట్రిప్టాన్ 20 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రేలు ఉన్నాయి. ఇంజెక్షన్ కంటే నెమ్మది, మాత్ర కంటే నయం. పోటు గంట దాటి ఉండేవాళ్లకి పనికొస్తాయి. నొప్పి ఉన్న పక్క ముక్కు ఎలాగూ మూసుకుపోయి ఉంటుంది, అందుకని రెండో పక్క కొట్టుకోవాలి. ఇదీ ట్రిప్టానే కాబట్టి గుండె జబ్బు నిషేధం దీనికీ వర్తిస్తుంది. ముక్కులో వేసే లిడోకేయిన్ అనే తిమ్మిరి మందు చుక్కలు పక్కవాద్యం లాంటివి, వాటి మీదే కచేరీ నడవదు.

రెండు మూడు వారాల అడ్డుకట్ట

విడత మొదలైన రోజే కాపలా మందు మొదలుపెట్టినా అది ఒంటికి పట్టడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా రాత్రులు గడవాలి. ఇక్కడ పోలిక స్టెరాయిడ్ మాత్రలకీ, తల వెనక వేసే ఇంజెక్షన్‌కీ మధ్య.

ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మీద 2021లో మంచి పరీక్ష ఒకటి ప్రచురించారు. అయిదు రోజులు 100 మిల్లీగ్రాములు, ఆ తర్వాత మూడు రోజులకోసారి 20 చొప్పున తగ్గిస్తూ పోవడం, తోడుగా అందరికీ వెరాపమిల్. మొదటి వారంలో ఉత్తుత్తి మాత్ర వాళ్లకి సగటున 9.5 పోట్లు వస్తే, ప్రెడ్నిసోన్ వాళ్లకి 7.1 వచ్చాయి. సగటు చూస్తే తేడా ఇంతేనా అనిపిస్తుంది. కానీ కొందరికి మూడో రోజుకే పూర్తిగా ఆగిపోతుంది, నేను ఆ కొందరిలో ఒకణ్ణి. దాంతో వచ్చిన చిక్కు కూడా నాదే. అంత హాయిగా అనిపించాక డోసు తగ్గించబుద్ధి కాదు. ఈ మందుతో ఉన్న అసలు ప్రమాదం అదే. షుగర్ పెరుగుతుంది, నిద్ర పోతుంది, చిరాకు పెరుగుతుంది. ఏటా కోర్సు మీద కోర్సు వాడితే తుంటి ఎముకకి రక్తం అందక అది దెబ్బతినే ముప్పు ఉంది. డోసు తగ్గేకొద్దీ పోట్లు తిరిగి రావచ్చు, అప్పటికి కాపలా మందు కుదురుకుని ఉండాలి. పాత చీటీ చూసి సొంతంగా కొని వాడే మందు కాదిది.

రెండో దారి ఆక్సిపిటల్ నర్వ్ బ్లాక్. తల వెనక, నొప్పి ఉన్న పక్క, జుట్టు మొదట్లో స్టెరాయిడ్, తిమ్మిరి మందు కలిపి ఇంజెక్షన్ ఇస్తారు. అవుట్ పేషెంట్‌గానే అయిపోతుంది. పనిచేస్తే కొన్ని వారాలు ఊపిరి తీసుకోవచ్చు. ఒళ్లంతా స్టెరాయిడ్ పాకడం బాగా తక్కువ కాబట్టి, షుగర్ ఉన్నవాళ్లూ, కిందటి విడతలో స్టెరాయిడ్ మాత్రలు వాడేసినవాళ్లూ దీన్నే ముందు అడగాలి. గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి, అరుదుగా కాస్త జుట్టు ఊడటం, చర్మం గుంట పడటం ఉండొచ్చు. చేయి తిరిగిన డాక్టరు దొరికితే నా ఓటు దీనికే. దొరకడమే కష్టం.

విడత పొడవునా కాపలా

ఇక్కడ ముందుగా మీది ఏ రకమో చూసుకోవాలి. విడతకీ విడతకీ మధ్య కనీసం మూడు నెలలు నొప్పి లేకుండా ఉంటే ఎపిసోడిక్. ఏడాది పైబడి అసలు విరామం లేకపోయినా, ఉన్నా మూడు నెలలు నిండకపోయినా క్రానిక్. ఎక్కువమందిది మొదటి రకం. వాళ్లు కాపలా మందు విడత అయ్యాక నిదానంగా తగ్గించి మానేయొచ్చు. ఏడాదంతా మింగక్కర్లేదు.

రెండు రకాలకీ మొదటి పేరు వెరాపమిలే. బీపీకి వాడే పాత మందు. సాధారణంగా రోజుకి 240 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి 80 చొప్పున పెంచుతారు. బీపీకి వాడేదానికంటే ఎక్కువ డోసు, కొందరికి 480, ఇంకా పైకి కూడా అవసరపడుతుంది. "వెరాపమిల్ పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది 120 దగ్గరో 240 దగ్గరో ఆగిపోయినవాళ్లు. అయితే పెంచడానికి ఒక షరతుంది. మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, డోసు పెంచిన ప్రతిసారీ పది పద్నాలుగు రోజులకి మళ్లీ ఒకటి. ఇది మొక్కుబడి కాదు. వెరాపమిల్ వాడుతున్న 108 మంది క్లస్టర్ రోగుల ఈసీజీలు చూసిన ఒక పరిశీలనలో 21 మంది గుండె లయలో తేడా బయటపడింది. పైకి ఏ లక్షణమూ తెలియకుండానే ఇలా జరగొచ్చు. బీపీకి, గుండెకి ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, రెండూ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం. చీలమండల దగ్గర వాపు, చిగుళ్లు ఉబ్బడం కూడా ఉంటాయి.

మానసిక జబ్బులకి వాడే లిథియం రెండో వరుసలో, ముఖ్యంగా క్రానిక్ రకానికి. దీనికి ఈసీజీ బదులు రక్తపరీక్షల గొడవ. మందు మోతాదు, థైరాయిడ్, కిడ్నీ ఎప్పటికప్పుడు చూడాలి. మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య సందు ఇరుకు. ఇక్కడ తలనొప్పి వాళ్లు ప్రత్యేకంగా పడే గుంట ఒకటుంది. చేతికందిన ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మింగితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా అంతే. మాత్రల డబ్బా మీద ఈ మాట రాసి అంటించుకోండి.

మూర్ఛకి వాడే టోపిరమేట్ మూడో పేరు. వేళ్ల తిమ్మిర్లు, బరువు తగ్గడం, కిడ్నీ రాళ్లు, అన్నిటికంటే విసిగించేది మాటలు దొరకకపోవడం. నేను దాని మీదున్న మూడు వారాలు "అది ఇలా ఇవ్వు" అంటూ గడిపాను, ఆ అది ఏమిటో పేరు వచ్చేది కాదు. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు, బిడ్డకి లోపాలు రావచ్చు. నిద్ర హార్మోన్ మెలటోనిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములు 1996లో 20 మంది మీద జరిగిన చిన్న పరీక్షలో కొందరికి పనిచేసింది. రుజువు పలుచన, హానీ తక్కువే. వెరాపమిల్‌కి తోడుగా అయితే సరే, దాని బదులు అయితే వద్దు.

కొత్తది గాల్కనెజుమాబ్, 300 మిల్లీగ్రాముల నెలవారీ ఇంజెక్షన్. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎపిసోడిక్ రకానికి దీన్ని అనుమతించింది. యూరప్ నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. క్రానిక్ రకంలో పరీక్షిస్తే ఫలించలేదు. ఎపిసోడిక్ రకం పరీక్షలో మొదటి మూడు వారాల్లో వారానికి 8.7 పోట్లు తగ్గాయి. ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్లకి కూడా 5.2 తగ్గాయి. ఈ రెండో అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. విడత ఎలాగూ ఏదో ఒక రోజు ముగుస్తుంది. ఆ ముందు వారం ఏం తాగామో, ఏం మింగామో దానికి పేరొస్తుంది. విటమిన్ డి, ఫలానా కషాయం, ఫలానా ఆసనం "నాకు తగ్గించాయి" అని నిజాయితీగా చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, విడత చివర్లో మొదలుపెట్టారంతే. మీరు ఏది మొదలుపెట్టినా విడతలో ఎన్నో రోజున మొదలుపెట్టారో రాసిపెట్టుకోండి.

మెడ దగ్గర పట్టుకుని వేగస్ నరాన్ని ప్రేరేపించే చిన్న పరికరం ఉంది. మందులు పడనివాళ్లకి అది పనికొస్తుంది గానీ, పోటుని ఆపడంలో దాని సత్తా ఎపిసోడిక్ వాళ్లలోనే కనిపించింది. నరానికి ఎలక్ట్రోడ్లు అమర్చడం, మెదడు లోతుల్లో ఆపరేషన్ చేయడం లాంటివి ఏ మందుకీ లొంగని క్రానిక్ వాళ్ల కోసం, పెద్ద కేంద్రాల్లో మాత్రమే. పుట్టగొడుగుల్లోని సిలోసైబిన్ గురించి కూడా వింటుంటారు. చేతిలో ఉన్నవి చిన్న పరీక్షలు, చాలా చోట్ల చట్టవిరుద్ధం. నా సలహా వద్దనే.

మందు కానివి

విడతలో మద్యం ముట్టకండి. దీనికి పోలికలు, మినహాయింపులు లేవు. ఒక్క పెగ్గు గంటలోపే పోటుని పిలుచుకొస్తుంది. విచిత్రం ఏమిటంటే విడత లేని నెలల్లో అదే మద్యం ఏమీ చేయదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ కూడా పోటు తెప్పిస్తుంది, అవి వాడేవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టరుకి చెప్పాలి. పగటి కునుకు చాలామందికి పడదు. 1998లో పోటు సమయంలో తీసిన పెట్ స్కాన్లలో వెలిగింది హైపోథలామస్, నిద్రామెలకువల లయని నడిపే చోటు. రోజూ ఒకే వేళకి నొప్పి రావడం, రుతువు మారేటప్పుడు విడత మొదలవడం వెనక ఉన్నది ఆ గడియారమే. అందుకే విడతలో నైట్ డ్యూటీలు, తెల్లవార్లూ మేలుకోవడం తప్పించుకోగలిగితే మంచిది. సిగరెట్టు మానడం గుండెకి, ట్రిప్టాన్ వాడేవాడికి మరీ అవసరం. మానినంత మాత్రాన విడతలు ఆగుతాయని నేను హామీ ఇవ్వను.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. దీన్ని ఇంగ్లీషులో ఆత్మహత్యల తలనొప్పి అని కూడా అంటారు. పోటు మధ్యలో బతకాలనిపించకపోవడం పిచ్చీ కాదు, పిరికితనమూ కాదు. ఆ ఆలోచన పోటు పోయాక కూడా మిగిలి ఉంటే, రాబోయే రాత్రి తలుచుకుని సాయంత్రం నుంచే వణుకు పుడుతుంటే, అదే రోజు ఇంట్లోవాళ్లకీ డాక్టరుకీ చెప్పండి. ఇంకాగలేననిపిస్తే అత్యవసర విభాగానికి వెళ్లండి. విడతలో ఒంటరిగా ఉండకండి.

ఖాళీ నెలల్లో చేసుకునే పని

మంచి డాక్టరుని వెతకడానికి సరైన సమయం నొప్పి లేని కాలమే, చాలామంది ఆ కాలాన్ని మరిచిపోవడానికి వాడతారు. నేనూ మూడు విడతల దాకా అదే చేశాను. తీరా మొదలయ్యాక అపాయింట్‌మెంట్ దొరికేసరికి రెండు వారాలు, మందు పట్టేసరికి ఇంకో రెండు వారాలు, విడతలో సగం అక్కడే పోయేది.

ఇప్పుడు న్యూరాలజిస్టు దగ్గర ఖాళీ కాలంలోనే కూర్చుని ఒక కాగితం రాయించుకున్నాను. మొదటి పోటు వచ్చిన రోజు ఏ డోసుతో వెరాపమిల్ మొదలుపెట్టాలి, ఏ రోజు ఈసీజీ, నర్వ్ బ్లాక్‌కి ఎవరికి ఫోన్ చేయాలి, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, ఎంతసేపు, ఏ మాస్కు. అది అల్మారా తలుపు లోపలి పక్క అంటించి ఉంది. పోటులో ఉన్నవాడు చదవలేడు, చదవాల్సింది ఇంట్లోవాళ్లు. మా ఆవిడకి ఇప్పుడు రెగ్యులేటరు బిగించడం నాకంటే బాగా వచ్చు. మా వాడు పన్నెండేళ్లవాడు, మాస్కు సంచి నిండిందో లేదో చూసి చెప్పడం వాడి డ్యూటీ. ఇంజెక్షన్ల గడువు తేదీ ఆరు నెలలకోసారి చూస్తాం. సిలిండరు మీటరు ముల్లు పోయిన ఆదివారం చూశాను, ఎర్ర గీతకి దగ్గరగా ఉంది. విడత రావడానికి ఇంకా రెండు నెలలుందేమో, రీఫిల్‌కి మాత్రం చెప్పేశాను.